నది చేపల పొడవు, బరువు లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి, కృష్ణ రేవుల్లో చేపలు కొలిచే ఫిషరీస్ విద్యార్థులు, మత్స్యకార సంఘాల్లో లెక్కలు చూసేవాళ్ళు, సరదాకి గాలం వేసేవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇవి. ఉదాహరణల్లో ఎక్కువ మన నదుల చేపలే ఉన్నాయి. లెక్క మాత్రం మెకాంగ్‌లో అయినా అమెజాన్‌లో అయినా ఇదే.

పొడవు తెలిస్తే బరువు ఎలా తెలుస్తుంది?

చేప పొడవు రెట్టింపు అయితే బరువు రెట్టింపుతో ఆగదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. పొడవుతో పాటు ఎత్తు, మందం కూడా రెట్టింపు అవుతాయి కాబట్టి రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. రేవులో చూసినా ఇది తెలిసిపోతుంది. కిలో బొచ్చెనూ రెండు కిలోల బొచ్చెనూ పక్కపక్కన పెడితే, పెద్దది చిన్నదానికన్నా పొడవులో నాలుగో వంతు మాత్రమే ఎక్కువ ఉంటుంది.

దీన్ని సూత్రంగా ఇలా రాస్తారు:

బరువు = ఎ × (పొడవు)^బి

బరువు గ్రాముల్లో, పొడవు సెంటీమీటర్లలో పెడతాం. ‘ఎ’, ‘బి’ అనే రెండు సంఖ్యలను మనం కొలిచిన చేపల నుంచే రాబట్టాలి.

‘ఎ’ ఏం చెబుతుంది, ‘బి’ ఏం చెబుతుంది?

‘బి’ చెప్పేది పెరిగే తీరు. అది 3 అయితే చేప పిల్లప్పటి ఆకారంతోనే పెద్దదవుతోందని అర్థం. 3 దాటితే పెరిగేకొద్దీ బలుస్తోంది. 3కి తగ్గితే పెరిగేకొద్దీ సన్నబడుతోంది.

‘ఎ’ మీద శరీర ఆకారం ప్రభావం ఎక్కువ. పాములా సాగిన చేపలకు అది 0.001 దగ్గర, పొడుగాటి శరీరానికి 0.004 దగ్గర, మామూలు కండె ఆకారానికి 0.01 దగ్గర, ఎత్తుగా పొట్టిగా ఉండేవాటికి 0.02 దగ్గర ఉంటుంది. 40 సెంటీమీటర్ల పాములాంటి చేప ఒకటి 80 గ్రాములు తూగితే, అదే పొడవున్న కండె ఆకారపు చేప 800 గ్రాములు దాటుతుంది. అందుకే బొమ్మిడాయిని, శీలావతిని ఒకే సమీకరణంలో పెట్టకూడదు. “చేపలన్నిటికీ కలిపి” అని వేసిన లెక్క ఏ చేపకూ సరిపోదు.

ఇంకో సంగతి. ‘ఎ’, ‘బి’ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఒకే జాతికి పది చోట్ల లెక్క కడితే, ‘బి’ పెరిగిన చోట ‘ఎ’ తగ్గి కనిపిస్తుంది. కాబట్టి ఒకరి లెక్క నుంచి ‘ఎ’ని, మరొకరి లెక్క నుంచి ‘బి’ని తెచ్చి కలపడం ఎప్పుడూ చేయకండి. ఆ రెండూ జంటగానే ఉండాలి.

నాకు ‘బి’ 2.8 వచ్చింది. తప్పు చేశానా?

తప్పే అనుకోనక్కరలేదు. మత్స్య శాస్త్రవేత్త రైనర్ ఫ్రోజ్ 2006లో 1,773 జాతులకు చెందిన 3,929 లెక్కలను ఒకచోట చేర్చి చూశారు. సగటు 3కి కాస్త పైన ఉంది, చాలామటుకు 2.5కి 3.5కి మధ్య పడ్డాయి. ఈ హద్దుల బయట వస్తే మాత్రం చేపను అనుమానించే ముందు కొలతను అనుమానించాలి. సాధారణంగా కనిపించే కారణాలు మూడు: సైజుల్లో తేడా చాలక పోవడం, వేరే జాతి పిల్లలు కలిసిపోవడం, లేదా వల.

వల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. కంటి వల చేపను నడుము చుట్టుకొలతను బట్టి పడుతుంది. ఆ కంటికి చిన్నవనిపించే చేపల్లో బాగా బలిసినవే చిక్కుతాయి, సన్నవి దూరిపోతాయి. పెద్ద చేపల్లో సన్నగా ఉన్నవే కంట్లోకి తల పెట్టగలుగుతాయి, బలిసినవి తగిలి వెనక్కి తిరుగుతాయి. అంటే ఒకే కంటి వలతో పట్టిన చేపల్లో చిన్నవన్నీ బొద్దుగా, పెద్దవన్నీ బక్కగా కనిపిస్తాయి. ‘బి’ ఉండాల్సిన దానికన్నా తగ్గుతుంది. నదిలో చేపలకు తిండి లేదని మనం రాసేస్తాం, నిజానికి ఆ సంఖ్య చెబుతున్నది వల సంగతి. రకరకాల కంటి వలలు వాడండి, లేదా విసురు వల, లాగుడు వల చేపలనూ కలపండి. ఏ చేప ఏ వలలో పడిందో పుస్తకంలో రాసుకోండి.

ఏ పొడవు కొలవాలి?

మూడు పొడవులున్నాయి. మూతి కొస నుంచి తోక చివర దాకా ఉన్నది మొత్తం పొడవు. మూతి నుంచి తోక చీలిక మధ్య దాకా ఉన్నది చీలిక పొడవు. మూతి నుంచి తోక రెక్క మొదలయ్యే చోటు దాకా, అంటే కండ ఆగిపోయే చోటు దాకా ఉన్నది ప్రామాణిక పొడవు.

ఏది కొలిచినా పరవాలేదు, కానీ ఏది కొలిచారో రాయకపోతే ఆ డేటా దండగ. ఎంత తేడా వస్తుందో చూడండి. ఒక చేప ప్రామాణిక పొడవు మొత్తం పొడవులో 80 శాతం ఉందనుకుందాం. మొత్తం పొడవుకు కట్టిన సమీకరణంలో పొరపాటున ప్రామాణిక పొడవు పెడితే వచ్చే బరువు అసలు బరువులో సగమే. 920 గ్రాముల చేప 470 గ్రాముల దగ్గర తేలుతుంది.

నదిలో తోక చిరిగిన చేపలు బాగానే దొరుకుతాయి. అందుకని కుదిరితే మొత్తం పొడవు, ప్రామాణిక పొడవు రెండూ తీసుకోండి. కొన్ని డజన్ల చేపలకు రెండూ ఉంటే ఒకదాని నుంచి మరొకదానికి మార్చే లెక్క తయారవుతుంది, ఆ తర్వాత తోక తెగిన చేప కూడా పనికొస్తుంది. మొత్తం పొడవు కొలిచేటప్పుడు తోక రెక్కలను దగ్గరికి నొక్కారా, సహజంగా వదిలేశారా అన్నది కూడా రాయాలి.

టేపును చేప ఒంటి మీద పరచి కొలవకండి. పొట్ట వంపు వెంట టేపు సాగి పొడవు ఎక్కువ చూపిస్తుంది. ఒక చివర అడ్డుచెక్క కొట్టిన కొలత పలక చాలు. మూతిని చెక్కకు ఆనించి, నోరు మూసి, చేపను వంపు లేకుండా పడుకోబెట్టి చూడాలి.

ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

పెద్ద చేపకు కొద్దిగా, చిన్న చేపకు చాలా. 40 సెంటీమీటర్ల చేపలో ఒక సెంటీమీటరు ఎక్కువ చదివితే బరువు అంచనా సుమారు 8 శాతం పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల చేపలో అదే సెంటీమీటరుకు 34 శాతం పెరుగుతుంది. అందుకే చిన్నవాటిని మిల్లీమీటర్లలో కొలవాలి.

కాటా విషయమూ అంతే. ఒక గ్రాము వరకే చూపించే కాటా మీద 5 గ్రాముల పిల్లను పెడితే పది శాతం తేడా ముందే వచ్చేసినట్టు. పిల్లలకు సున్నితమైన కాటా, పెద్దవాటికి మామూలు కాటా పెట్టుకోండి. రోజూ మొదట ఒక తెలిసిన బరువును వేసి సరిచూడండి. పడవలో కాటా ఊగుతుంది, తూకం గట్టు మీదే పెట్టుకోవడం మంచిది. చేపను తడిగుడ్డతో ఒత్తి నీళ్ళు తీసి తూచాలి.

ఎన్ని చేపలు కావాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు సంఖ్య ఆశిస్తారు. నేను మాత్రం ముందు సైజులు అడుగుతాను. 28 నుంచి 32 సెంటీమీటర్ల మధ్య ఉన్న రెండొందల మోసు చేపల కన్నా, 8 నుంచి 60 సెంటీమీటర్ల దాకా పరుచుకున్న అరవై మోసులు ఎంతో మేలు. సన్నని పరిధిలో గీత ఎటైనా వాలిపోగలదు. రేవుకు వచ్చేవి అమ్మకపు సైజులే కాబట్టి చిన్నవాటి కోసం మనమే అడగాలి, వాళ్ళు తిరిగి నీళ్ళలో వదిలేసే ముందు కొలుచుకోవాలి.

మరీ చిన్న పిల్లలను, అంటే పొదిగిన కొద్ది వారాలకే దొరికినవాటిని, పెద్దవాటితో కలపకండి. ఆ వయసులో ఒంటి ఆకారమే వేగంగా మారుతుంటుంది, వాటి ‘బి’ వేరు. ఒక్కో జాతికి వంద చేపలు దాటితే, అందులో అన్ని సైజులూ అన్ని నెలలూ ఉంటే, నమ్మదగిన పని చేసినట్టే.

లెక్క ఎలా కట్టాలి? ఎక్సెల్ చాలా?

చాలు. పొడవుకు, బరువుకు లాగరిథమ్ తీసుకుంటే వంపు గీత సరళ రేఖ అవుతుంది:

లాగ్ బరువు = లాగ్ ఎ + బి × లాగ్ పొడవు

గీత వాలు ‘బి’. గీత నిలువు అక్షాన్ని తాకే చోటు లాగ్ ‘ఎ’, దాని యాంటీలాగ్ తీస్తే ‘ఎ’ వస్తుంది. కానీ సంఖ్యలు నొక్కే ముందు గ్రాఫ్ గీసి చూడండి. గీతకు దూరంగా ఒంటరిగా నిలబడ్డ చుక్కల్లో ఎక్కువ భాగం రాత పొరపాట్లు: 325 గ్రాములకు 235 అని, 41 సెంటీమీటర్లకు 14 అని. ఇలాంటిది కనబడితే అసలు నోటు పుస్తకం తీసి చూడాలి. కారణం దొరక్కుండా కేవలం నచ్చలేదని చుక్కను తీసేయడం మాత్రం సరికాదు.

ఒక ఉదాహరణ. లెక్క కోసం ‘ఎ’ 0.012, ‘బి’ 3.05 అనుకుందాం. 20 సెంటీమీటర్ల చేప 111.5 గ్రాములు, 40 సెంటీమీటర్ల చేప 924 గ్రాములు వస్తుంది. నిష్పత్తి ఎనిమిదికి కాస్త పైన. ‘బి’లో ఆ చిన్న 0.05 చేసిన పని అది.

లాగ్‌ల నుంచి తిరిగి గ్రాముల్లోకి మార్చినప్పుడు సగటు బరువు కొద్దిగా తక్కువ వస్తుంది. చుక్కలు గీతకు దగ్గరగా ఉంటే ఆ తేడా ఒక శాతం లోపే, వదిలేయొచ్చు. బాగా చెదిరి ఉంటే సవరణ గుణకం వేయాలి.

సెంటీమీటర్లకు బదులు మిల్లీమీటర్లలో కట్టాను. ‘ఎ’ మరీ చిన్నగా వచ్చింది.

అలాగే వస్తుంది. ‘బి’ మారదు, ‘ఎ’ మాత్రం కొలమానంతో మారుతుంది. మిల్లీమీటర్లలో వచ్చిన ‘ఎ’ని 10^బి తో గుణిస్తే సెంటీమీటర్ల ‘ఎ’ వస్తుంది. పై ఉదాహరణలో 0.012 మిల్లీమీటర్లలో సుమారు 0.0000107 అవుతుంది. ఇంత చిన్న సంఖ్యను నాలుగు దశాంశాలకు కుదిస్తే సున్నా మిగులుతుంది, జాగ్రత్త.

ఆర్-స్క్వేర్ 0.98 వచ్చింది. ఇక సందేహం లేదు కదా?

ఉంది. ఆర్-స్క్వేర్ అంటే చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే సంఖ్య; సైజుల పరిధి పెద్దదైతే అది దానంతటదే ఎక్కువ వస్తుంది. తప్పు పొడవు కొలిచినా, అన్నిటికీ ఒకేలా తప్పు కొలిస్తే 0.98 వస్తుంది. దానికన్నా ‘బి’కి 95 శాతం విశ్వాస అవధి, అంటే అసలు ‘బి’ ఉండగల హద్దులు, ముఖ్యం. ఆ అవధిలో 3 ఉంటే “ఆకారం మారకుండా పెరుగుతోంది” అనే మాటను కాదనలేం. 2.97 వచ్చింది కాబట్టి చేప సన్నబడుతోందని తీర్మానం రాసిన ప్రాజెక్టు రిపోర్టులు చూస్తే బాధేస్తుంది.

ఒక నెలలో కొలిచిన చేపలు సరిపోవా?

మన నదులకు సరిపోవు. చల్లని దేశాల్లో చేప జీవితాన్ని చలికాలం విడదీస్తుంది, ఇక్కడ వరద విడదీస్తుంది. బొచ్చె, శీలావతి, మోసు వానాకాలపు వరద నీటిలో గుడ్లు పెడతాయి. జూన్‌లో ఆడచేప కడుపు నిండా జన, అంటే గుడ్ల ముద్ద, ఉంటుంది, ఒక్కోసారి అది ఒంటి బరువులో పదో వంతు దాటుతుంది. గుడ్లు పెట్టాక అదే పొడవు చేప ఒక్కసారిగా తేలికవుతుంది. వరద గట్లు దాటి పొలాల్లోకి, వాగుల్లోకి ఎక్కినప్పుడు తిండి దొరుకుతుంది, ఒళ్ళు చేస్తుంది. వేసవిలో నది మడుగులుగా విడిపోయినప్పుడు కొన్ని జాతులు తగ్గిపోతాయి. వాలుగ లాంటి వేటచేపకు మాత్రం ఆ మడుగుల్లో చిక్కుకున్న చిన్నచేపలతో పండగే.

ఏడాది పొడవునా నెలనెలా కొలవడం కుదరకపోతే కనీసం వరదకు ముందు, వరదలో, వరద తగ్గాక, వేసవిలో కొలవండి. వేటికవే లెక్క కట్టి, తేడా లేదని తేలితేనే కలపండి. ఆడ, మగ వేరుగా రాసుకుంటే ఇంకా మంచిది.

పులసకు ప్రత్యేక లెక్క ఎందుకు?

పుస్తెలమ్మి అయినా పులస తినాలనే మన గోదావరి వాళ్ళకు దాని బరువెంతో చెప్పక్కర్లేదు, గ్రాము గ్రాముకూ డబ్బే. కానీ లెక్కకు అది చిక్కు చేప. సముద్రంలో బతికి, వరద కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచీ దాని దారి అక్కడే ఇరుకైంది. నదిలో మనకు దొరికేవి గుడ్లు పెట్టడానికి సిద్ధమైన పెద్ద చేపలు, వాటిలోనూ ఆడవి మగవాటికన్నా పెద్దవి. చిన్న సైజులు ఆ గుంపులో ఉండవు. పులస కాలంలో రేవులో కొలిచిన చేపలతో మాత్రమే సమీకరణం కడితే అది జన నిండిన ఆడచేపల సమీకరణం అవుతుంది, జాతి సమీకరణం కాదు. సముద్రపు చేపలను, నది చేపలను, గుడ్లు పెట్టి తిరిగి వెళ్ళేవాటిని వేరువేరుగా ఉంచాలి.

కండిషన్ ఫ్యాక్టర్ అంటే?

అదే పొడవున్న మామూలు చేపతో పోలిస్తే ఈ చేప ఎంత బాగా ఉందో చెప్పే సంఖ్య. పాత పద్ధతి ఫుల్టన్ అనే శాస్త్రవేత్తది: బరువును 100తో గుణించి పొడవు ఘనంతో భాగించాలి. ఇది ‘బి’ 3 అనుకుని చేసిన లెక్క. పై ఉదాహరణలో 20 సెంటీమీటర్ల చేపకు 1.39, 40 సెంటీమీటర్ల చేపకు 1.44 వస్తుంది. రెండూ తమ జాతి గీత మీదే ఉన్నాయి, అయినా పెద్దది ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తోంది.

ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద పనిచేసిన లే క్రెన్ 1951లో దీనికి మందు చూపించాడు. తూచిన బరువును సమీకరణం ఇచ్చిన బరువుతో భాగించాలి. 40 సెంటీమీటర్ల చేప 850 గ్రాములే తూగితే 850 ÷ 924, అంటే 0.92. మామూలు కన్నా 8 శాతం తక్కువ. 1,010 గ్రాములు తూగితే 1.09. నదిలో ఒక రేవును మరో రేవుతో, ఒక నెలను మరో నెలతో పోల్చడానికి నేను దీన్నే వాడమంటాను. 0.92 వచ్చింది కదా అని కాలుష్యమే కారణమని రాసేయకండి. గుడ్లు పెట్టేసిందా, కడుపు ఖాళీగా ఉందా అన్నది ముందు చూడాలి.

చెరువు చేపల సమీకరణం నదికి వాడొచ్చా?

వద్దు. భీమవరం, కైకలూరు చెరువుల్లో బొచ్చెకు, శీలావతికి తవుడు పెడతారు, అవి ప్రవాహంతో పోరాడవు. అదే జాతి చేప గోదావరిలో అదే పొడవుకు వేరే బరువు తూగుతుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం, పోచంపాడు వంటి జలాశయాల చేపలను కూడా వేరుగానే లెక్కించాలి. ఆనకట్ట పైన నిలిచిన నీరు, కింద కొలిచి వదిలే నీరు ఒకే నది అనుకోవడం చేపకు తెలియని సంగతి. ఎక్కడో ఉన్న లెక్క తెచ్చి వాడే బదులు మీ రేవు లెక్క మీరు కట్టుకోండి. ఈ పేజీలో నేను మరీ మరీ చెప్పాలనుకున్నది అదే.

ఇంతకీ ఇదంతా ఎవరికి ఉపయోగం?

వేసవి, చలి తేడా పెద్దగా లేని నదుల్లో చేప పొలుసు మీద, చెవి రాయి మీద ఏడాది వలయాలు స్పష్టంగా పడవు, వయసు చెప్పడం కష్టం. అందుకే ఉష్ణమండలంలో చేపల నిల్వను అంచనా వేసే పద్ధతులు చాలావరకు పొడవు మీద నడుస్తాయి. ఆ పొడవులను బరువుగా, టన్నులుగా మార్చేది ఈ సమీకరణమే. అది తప్పితే వేట ఎంత చేయొచ్చన్న అంచనా కూడా తప్పుతుంది, ఆ తప్పు భారం పడేది పడవ మీద బతికేవాళ్ళ మీద.

ఐసులో పెట్టిన చేపను కొలవొచ్చా?

తాజాగా కొలవడమే మేలు. గడ్డకట్టిన చేపల్లో, ఫార్మలిన్‌లో ఉంచినవాటిలో పొడవూ బరువూ రెండూ మారతాయి. తప్పనిసరైతే అలా అని రాసి, తాజా చేపలతో కలపకుండా ఉంచండి. పొట్ట కోసిన చేప బరువు ఎలాగూ వేరే లెక్క.

ఫిష్‌బేస్‌లో దొరికే ‘ఎ’, ‘బి’లను నమ్మొచ్చా?

ఫిష్‌బేస్ అంటే ప్రపంచ చేపల సమాచారం ఉండే ఇంటర్నెట్ డేటాబేస్. పోల్చుకోవడానికి అది మంచి చోటు. ప్రతి వరుసలో ఏ దేశం, ఏ పొడవు, ఎంత సైజు నుంచి ఎంత సైజు దాకా, ఎన్ని చేపలు అన్నది చూడండి. 12 నుంచి 30 సెంటీమీటర్ల చేపలతో కట్టిన సమీకరణంతో 80 సెంటీమీటర్ల వాలుగ బరువు చెప్పబోకండి. కొలిచిన పరిధి దాటితే గీత మాట చెల్లదు.

బతికున్న చేపను కొలిచి వదిలేయొచ్చా?

వదలాలి కూడా, ముఖ్యంగా అరుదైనవాటిని. వాలుగను ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ముప్పున్న జాతుల్లో చేర్చింది. ఇలాంటి చేప దొరికితే చేతులు తడుపుకుని, తడి పలక మీద పెట్టి పొడవు మాత్రం చదవండి, ఒక ఫోటో తీయండి, నీళ్ళలోకి వదిలేయండి. తూకం కోసం దవడకు కొక్కెం వేసి వేలాడదీయకండి. బరువు సమీకరణం చెబుతుంది. పుస్తకంలో తేదీ, రేవు పేరు, వల లేదా గాలం, ఏ పొడవు కొలిచారో రాసి, బరువు గడిలో “అంచనా” అని పెట్టండి. ఆ వరుసను మళ్ళీ సమీకరణం కట్టడానికి మాత్రం వాడకండి.